పద్దెనిమిదేళ్ల అలవాటు

అమెరికాలో కాపెల్ అనే ఊళ్లో ఒక రిహాబ్ క్లినిక్. తలకి దెబ్బ తగిలిన మనుషులకి మళ్లీ పనులు నేర్పడానికని కట్టిన చిన్న వంటగది. పొయ్యి ముందు పద్దెనిమిదేళ్ల కాపురం చేసిన మొగుడూ పెళ్లాం, ఎంసెట్ హాలు బయట పిల్లాడూ వాళ్లమ్మా నిలబడ్డట్టు నిలబడ్డారు.

“మళ్లీ చెప్పండి. ముందు ఆవాలా, శనగపప్పా?”

“ముందు నూనె.”

“నూనె సరే. నూనెకి ముందు?”

“పొయ్యి ముట్టియ్యాలె.”

“పొయ్యి కంటే ముందు?”

“నువ్వు.”

“నేనుండనండీ! మీ థెరపిస్ట్ అనిక నన్ను ఆ మూల కుర్చీలో కూచోబెట్టి నోరు తెరవద్దంటుంది. అన్నిటికంటే ముందు డికాక్షన్. మరిగిన నీళ్లు ఫిల్టర్‌లో పోసేస్తే, అది దిగేలోపు ఉప్మా అయిపోతుంది. ఎన్నిసార్లు చెప్పాను?”

“పదిహేనుసార్లు. లెక్క యాదికున్నది చూసినవా? రాసుకో, మెమరీ మంచిగున్నది.”

“ఆ జోకులు ఆ అమ్మాయి ముందు వేయకండి. మొన్న మీరు జోకేస్తే ఏదో రాసుకుంది.”

“జోకులు దెబ్బ తాకినంక వచ్చినయి కావే. పుట్టుకతోనే ఉన్నయి.”

“అయ్యా దామోదర్ గారూ, ఒక్క అరగంట బుద్ధిగా ఉండండి. ఎనిమిది వారాలైంది. ఈరోజు అనిక బాగుందని రాస్తేనే డాక్టర్ మిమ్మల్ని డ్రైవింగ్ టెస్ట్‌కి పంపిస్తాడు. డ్రైవింగ్ వస్తేనే ఆఫీస్. లేదంటే ఇంకో ఆరు వారాలు నా పక్క సీట్లో కూచుని ‘బ్రేక్, బ్రేక్’ అంటూ...”

“నువ్వు బ్రేక్ వెయ్యవు గనక అంట.”

“ఆ నస నేను పడలేను.”

“నమ్రతా, ఒక మాట అడుగుత. నిజం చెప్పు. నేను రోజూ కాఫీ పెట్టేటోణ్ణా?”

“మళ్లీ మొదలెట్టారా?”

“పొద్దుగాల్నే?”

“ఆరింటికి. నేను లేవకముందే.”

“పద్దెనిమిదేండ్లు?”

“పద్దెనిమిదేళ్లూ.”

“నేను తాగేది చాయ్ గదనే.”

“నా కోసం పెట్టేవారు.”

“గంత మంచోణ్ణా నేను?”

“ఆ... మంచివారే. ఆవాలు చిటపటమన్నాక ఏం వేయాలి?”

“మాట మారుస్తున్నవు.”

“మీరు మర్చిపోతే నన్నేం చేయమంటారు? తల మీద లెదర్ బంతి పడితే కొన్ని పోతాయని డాక్టరే చెప్పాడు కదా.”

“ఆడుతుంటే తాకినా ఓ తీరు. అంపైర్‌గ నిలబడితే తాకె. గదే నా బాధ.”

“ఆ పడిపోతూ కూడా ఫోర్ అని చెయ్యి ఊపారట. మీ టీమ్ సాయి తేజ ఊరంతా చెప్పుకుంటున్నాడు.”

“నా తలకు తాకి బౌండరీ దాటిందంట. రూల్ ప్రకారం ఫోరే గద!”

“మీకు నవ్వులాటగా ఉంది. రెండు రోజులు కళ్లు తెరవలేదు మీరు. ఆ రెండు రోజులూ నేను...”

“శనగపప్పు. ఆవాలైనంక శనగపప్పు, మినప్పప్పు. ఇగో, చెప్పిన గద. ఏడ్వకు.”

“ఎవరేడుస్తున్నారు? ఉల్లిపాయ ఘాటు.”

“ఉల్లిగడ్డ ఇంకా సంచిలనే ఉన్నది.”

“ష్, వస్తోంది. నిటారుగా నిలబడండి.”

“హాయ్ ఆంటీ! హాయ్ అంకుల్! సారీ, టూ మినిట్స్ లేట్. అంకుల్, ఈరోజు ఏం వారం? డేట్ ఏంటి?”

“గురువారం. అక్టోబర్ పదహారు. నువ్వు అనిక, నా థెరపిస్ట్‌వు. అగో ఆ మూలకు దేవుళ్లకు మొక్కుతున్నది నా భార్య.”

“నేనేం మొక్కట్లేదమ్మా. ఊరికే కళ్లు మూసుకున్నా.”

“ఓకే. రూల్స్ వినండి అంకుల్. ఉప్మా, ఫిల్టర్ కాఫీ. రెండూ సేమ్ టైమ్‌కి వేడిగా రెడీ అవ్వాలి. థర్టీ మినిట్స్. మధ్యలో నేను డిస్టర్బ్ చేస్తాను, అది కూడా టెస్టే. ఆంటీ, మీరు హెల్ప్ చేయకూడదు.”

“నేనెందుకు చేస్తాను?”

“దగ్గకూడదు కూడా. లాస్ట్ టైమ్ మీరు ఉప్పుకి ఒకసారి, షుగర్‌కి రెండుసార్లు దగ్గారు.”

“అది జలుబమ్మా.”

“ఆ జలుబు లేకపోతే ఆనాడు కాఫీల ఉప్పు పడుతుండె.”

“అంకుల్, స్టార్ట్.”

“స్టెప్ వన్, నీళ్లు మరగాలె. స్టెప్ టూ, ఫిల్టర్ల పొడి, మూడు చెంచాలు. గట్టిగ ఒత్తద్దు, ఒత్తితే దిగదు. స్టెప్ త్రీ...”

“పైకి చెప్పుకుంటున్నారు అంకుల్?”

“నోటితోని అంటేనే బుర్రల నిలుస్తది. నువ్వే నేర్పిచ్చినవు.”

“అవును, నేనే. గో ఆన్.”

“మూత పెట్టిన. దాని పని అది చేసుకుంటది. స్టెప్ ఫోర్, రవ్వ వేంచాలె. రవ్వ... రవ్వ... ఇది పంచదార. ఇది రవ్వ.”

“కమ్మటి వాసన వచ్చేదాకా...”

“ఆంటీ!”

“దగ్గలేదు కదమ్మా!”

“వాసన నాకేడ వస్తది నమ్రతా? బంతితోనే పోయింది. రంగు చూస్త. నాలుగు నిమిషాలు, టైమర్ పెట్టిన.”

“స్మెల్ తెలియదు, టేస్ట్ కూడా సరిగ్గా తెలియదు కదా అంకుల్. మరి ఇంట్లో కాఫీ బాగా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?”

“మీ ఆంటీ మొఖం చూసి.”

“ఆయన మాటలకేం గానీ, నువ్వు రాసుకోమ్మా.”

“అంకుల్, మీ ఫోన్ మోగుతోంది.”

“మోగనీ. నూనె కాగింది, ఆవాలు వేసిన, పప్పులు వేసిన, ఉల్లిగడ్డ... ఆగు. ముందు పొయ్యి బంద్. ఇప్పుడు ఫోన్. హలో? హలో? ఎవ్వరు మాట్లాడ్తలేరు. అనికా, నీ చెవికాడ ఉన్నదేంది బిడ్డా?”

“ఫోన్, అంకుల్. నేనే చేశాను.”

“మూడడుగుల దూరంల నిలబడి ఫోన్ చేస్తరా ఎవరన్న?”

“చేస్తాను, అది నా జాబ్. ఇప్పుడు చెప్పండి, ఎక్కడ ఆపారు?”

“ఎక్కడ... ఎక్కడాపిన...”

“టైమ్ తీసుకోండి.”

“ఉల్లిగడ్డ వేసిన. పచ్చిమిర్చి వేసిన. ఇగ నీళ్లు... కాదు, కాదు. అల్లం! అల్లం వెయ్యలే. నమ్రతా, నువ్వట్ల నా దిక్కు చూడకు, లెక్క తప్పుతది.”

“నేను గడియారం చూస్తున్నాను.”

“గడియారం నీ వెనకున్నది.”

“ఉప్పు ఎంత వేస్తారు అంకుల్?”

“ఒక చెంచా. కుప్పగ కాదు, సాపుగ. నీళ్లు రెండున్నర గ్లాసులు. మసిలినంక రవ్వ, ఒక చేత్తోని పోసుడు, ఇంకో చేత్తోని కలుపుడు. ఉండలు కట్టిందంటే ఇంటికి పోనియ్యరు.”

“ఎవరు?”

“నువ్వు పోనిస్తవు. ఆమె కారెక్కనియ్యదు.”

“ట్వంటీ నైన్ మినిట్స్, అంకుల్.”

“ఇగో ఉప్మా. ఇగో కాఫీ. రెండింటికీ పొగలొస్తున్నయి. తిను బిడ్డా.”

“మ్... యమ్మీ.”

“గట్టిగ చెప్పు, మూలకు వినపడాలె.”

“బాగుంది అంకుల్! మీరు వెళ్లి పక్క రూమ్‌లో రెస్ట్ తీసుకోండి. లైట్ డిమ్ చేశాను. పది నిమిషాలు కళ్లు మూసుకోండి. ఆంటీతో కొంచెం మాట్లాడాలి.”

“పాసా, ఫెయిలా?”

“రెస్ట్, అంకుల్.”

“ఫెయిలైనోళ్లకే గిట్ల మెల్లగ చెప్తరు. మా కాలేజీల గిట్లనే చెప్పిన్రు.”

తలుపు పడింది. ఉప్మా ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

“ఆంటీ, కూర్చోండి.”

“నిలబడే వింటానమ్మా, చెప్పు.”

“నాకు కొంచెం వర్రీగా ఉంది.”

“ఎందుకూ? అన్నీ చేశారుగా! అల్లం సంగతి కూడా ఆయనకే గుర్తొచ్చింది. ఈసారి నేను ఒక్కసారి కూడా దగ్గలేదు!”

“చేశారు. కానీ ఎలా చేశారు? ఒక్కో స్టెప్ లెక్కపెట్టుకుని, ఒక్కో డబ్బా తీసి చూసుకుని. మనం రోజూ చేసే పని అయితే చేతులే చేసేస్తాయి కదా ఆంటీ. బ్రెయిన్‌ని అడగక్కర్లేదు.”

“అవుననుకో.”

“ఇంజురీ తర్వాత కూడా అలాంటి పాత అలవాట్లు ముందు తిరిగి వస్తాయి. అంకుల్ పద్దెనిమిది ఇయర్స్ రోజూ కాఫీ పెట్టారు, ప్రతి సండే ఉప్మా చేశారు. ఫారంలో మీరే రాశారు. అలాంటి మనిషి ఎయిట్ వీక్స్ తర్వాత కూడా రవ్వ ఏదో, పంచదార ఏదో వెతుకుతున్నారు. డ్రైవింగ్ కూడా పాత అలవాటే. ఇది ఇంత పోతే, అది ఎంత పోయిందో? రోడ్డు మీద ఆలోచించుకోవడానికి టైమ్ ఉండదు. నేను ‘ఇప్పుడే వద్దు’ అని రాయాలి. ఇంకో ఆరు వారాలు.”

“అనికా...”

“ఐ నో ఆంటీ. బాధగా ఉంటుంది.”

“అది కాదమ్మా. ఆ ఫారం... నేను ఆ ఫారం రాసిన రోజు... కాసిని మంచినీళ్లు ఇస్తావా?”

“ఇదిగోండి. మెల్లగా తాగండి.”

“ఆ ఫారం తప్పు.”

“ఏది తప్పు?”

“మొత్తం. కాఫీ తప్పు. ఉప్మా తప్పు. బట్టలు మడత పెడతారన్నది పచ్చి అబద్ధం. ఆయన జన్మలో వంటింట్లో అడుగుపెట్టింది ఫ్రిజ్ తెరవడానికే.”

“వాట్?”

“గరిటెకీ అట్లకాడకీ తేడా తెలీదమ్మా ఆయనకి. దెబ్బ తగలకముందూ తెలీదు.”

“ఆంటీ! పన్నెండు బాక్సులు ఉన్నాయి ఆ పేజీలో! పన్నెండిటికీ ‘ఎవరి హెల్ప్ లేకుండా చేస్తారు’ అని టిక్ పెట్టారు!”

“ఏం చేయమంటావు? ఆయన అక్కడ ట్యూబులు పెట్టుకుని పడున్నారు. ఉంటారో పోతారో తెలీదు. ఆ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టారు. ఈయనకి వంట వచ్చా? రాదు. బట్టలుతకడం వచ్చా? రాదు. ఇల్లు సర్దడం? రాదు. ఆ మనిషిని ఎదురుగా పెట్టుకుని వరసగా రాదు, రాదు, రాదు అని ఎలా రాయను? ఈయనకి ఏదీ చేతకాదని నా చేత్తో నేనే రాయనా? చెయ్యి రాలేదమ్మా.”

“అయ్యో ఆంటీ.”

“పైగా కింద థెరపిస్ట్ అని నీ పేరుంది. తెలుగు పిల్ల. మా ఆయన్ని చిన్నచూపు చూస్తుందేమోనని...”

“ఆంటీ, మా డాడీ కమ్మింగ్ అనే ఊళ్లో ఉంటారు. అదే ఇంట్లో ట్వల్వ్ ఇయర్స్. వాటర్ గ్లాస్ ఏ కబోర్డ్‌లో ఉంటుందో ఇప్పటికీ తెలీదు. ఆయనకి బ్రెయిన్ ఇంజురీ లేదు.”

“నవ్వకు.”

“నవ్వట్లేదు. ఓకే, నవ్వుతున్నాను. కానీ తర్వాతైనా చెప్పొచ్చు కదా?”

“చెబ్దామనే అనుకున్నాను. ఈలోపు ఆ ఫారం చూసి నువ్వు కాఫీ పెట్టడం ప్రాక్టీస్ చేయించావు. మర్నాడు ఆరింటికి మంచం దగ్గరికి గ్లాసు వచ్చింది. పెళ్లయ్యాక మొదటిసారి! నోట్లో పెట్టుకుంటే చేదు విషం. అది తాగి ఏడ్చాను. ‘బాగలేదా’ అన్నారు. ‘ఎప్పుడూ పెట్టినట్టే ఉంది’ అన్నాను. ఇంకేముంది, అక్కణ్నుంచి రోజుకో గ్లాసు, గ్లాసుకో అబద్ధం.”

“రోజూ పెడుతున్నారా?”

“రోజూ. ఇప్పుడు నా పుణ్యమా అని ఆయన ఇంట్లో కూచోవాలి. పొద్దున్నే ఆఫీస్ బ్యాగ్ ఒకసారి తీసి, తుడిచి, మళ్లీ అక్కడే పెడతారు. చూడలేకపోతున్నానమ్మా. తప్పు నాది. నన్ను ఫెయిల్ చెయ్యి, ఆయన్ని చేయకు.”

“ఆంటీ, ఒక్క నిమిషం ఆగండి. కాఫీ ఇంజురీకి ముందు ఎప్పుడూ పెట్టలేదు?”

“లేదు.”

“ఉప్మా?”

“పేట్లో పెడితే తినడం వచ్చు.”

“ప్లేట్‌లో.”

“అదేలే, కంగారులో నోరు తిరగట్లేదు.”

“అయితే ఇది పాత అలవాటు పోవడం కాదు. కొత్తది నేర్చుకోవడం! ఆంటీ, బ్రెయిన్‌కి దెబ్బ తగిలాక అన్నిటికంటే కష్టమైంది అదే. అంకుల్ జీరో నుంచి మొదలుపెట్టి, వాసన తెలియకుండా, రెండు ఐటమ్స్, ఒకే టైమ్‌కి! ఫోన్ వస్తే స్టవ్ ఆపారు. మర్చిపోయింది మళ్లీ ఆయనే పట్టుకున్నారు. రవ్వ వెతికారంటే, కొత్తవాళ్లు ఎవరైనా వెతుకుతారు. నేనూ వెతుకుతాను!”

“అంటే పాసేనా?”

“ఈ ఇయర్ నేను చూసినవాళ్లలో బెస్ట్. ఇదిగో కొత్త ఫారం. ఇప్పుడే రాయండి. ఈసారి నిజం.”

“పెన్నివ్వు. వంట... రాదు. బట్టలు... రాదు. ఇల్లు సర్దడం... రాదు. గిన్నెలు... అసలే రాదు. అబ్బ! ‘రాదు’ అని రాస్తుంటే ఇవాళ ఎంత హాయిగా ఉందో తల్లీ!”

“సైన్ ఇక్కడ. నేను రిపోర్ట్ మార్చి, డ్రైవింగ్ టెస్ట్‌కి పంపమని డాక్టర్‌కి రాస్తాను.”

“అనికా, ఒక్క మాట. ఆయనకి ఈ సంగతి చెప్పకు.”

“ఆంటీ, రిపోర్ట్ ఆయన ఈమెయిల్‌కి వెళ్తుంది.”

“పాస్‌వర్డ్ మర్చిపోయారులే.”

“మర్చిపోయారా? ఎప్పటినుంచి? ఇది నాకు చెప్పాలి కదా!”

“కంగారుపడకు, దెబ్బకి నాలుగేళ్ల ముందు నుంచీ. చెప్పకమ్మా. తానెప్పుడూ పెట్టలేదని తెలిస్తే రేపు పొద్దున గ్లాసు రాదు. ఈమధ్యే చేదు పోయి చక్కగా కుదిరింది. నా స్వార్థం నాది, ఏమనుకున్నా సరే.”

“అడిగితే అబద్ధం చెప్పను. అడక్కపోతే నేను చెప్పను. ఓకే?”

“అది చాలు. నువ్వు ఆయనకి పాసయ్యారని చెప్పు. నేను కారు ముందుకి తెస్తాను. ఇక నుంచి ఆయనే తెచ్చుకుంటారేమో!”

నమ్రత తాళాలు గలగలలాడించుకుంటూ వెళ్లింది. పక్కగది తలుపు సందులోంచి దామోదర్ తల కనిపించింది.

“కళ్లు మూసుకుంటే ఉప్మానే కనపడుతున్నది. చెప్పు బిడ్డా, పాసా?”

“పాస్, అంకుల్! డ్రైవింగ్ టెస్ట్‌కి రాస్తున్నాను. కంగ్రాట్స్!”

“శెభాష్! మరి ఇందాక గా మొఖమేంది?”

“కొన్ని డీటెయిల్స్... తర్వాత క్లియర్ అయ్యాయి.”

“ఆంటీ ఏమన్న చెప్పిందా?”

“అంకుల్, నేనొకటి అడగనా? డ్రైవింగ్ వచ్చాక, ఆఫీస్ మొదలయ్యాక, మార్నింగ్ కాఫీ మానేస్తారా?”

“ఎందుకు మానేస్త? పద్దెనిమిదేండ్ల అలవాటాయె.”

“ఆఫీస్ రోజుల్లో కష్టం కదా?”

“కష్టమే. గందుకే అలవాటు అనుకోవాలె. ఉపకారమంటే మీ ఆంటీ ఒప్పదు. ‘అయ్యో, మీరు పడుకోండి, నేను పెట్టుకుంటా’ అంటది. అలవాటనుకో, గమ్మున తాగుతది.”

“అలవాటు... అనుకోవాలి?”

“అగో, హారన్ కొడుతున్నది. పోవాలె.”

“అంకుల్, ఆగండి. నేను మీ థెరపిస్ట్. మీ పాత మెమరీ ఎంత ఉందో నాకు కరెక్ట్‌గా తెలియాలి. నిజం చెప్పండి. ఇంజురీకి ముందువి మీకు ఏం గుర్తున్నాయి?”

“రాసుకుంటవా?”

“రాయాలి.”

“రాసుకో. కానీ ఆంటీకి చెప్పకు.”

“మీరు కూడానా! సరే, చెప్పండి.”

“బంతి తాకిన పూట ఒక్కటే పోయింది, మిగతాయన్నీ యాదికున్నయి. పెండ్లైనకాడి నుంచి ఆమె నాకు పెట్టిచ్చిన చాయ్‌లన్నీ యాదికున్నయి బిడ్డా, నేను పెట్టిన కాఫీ ఒక్కటంటే ఒక్కటి గూడ లేదు.”